డాక్టర్ మాటెత్తితే ‘నాకేమొచ్చింది?’ అంటున్న అన్నయ్యని ఎలా ఒప్పించాలి?

చిన్నోడు:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా అన్నయ్య గురించి. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నలభైకి దగ్గర పడ్డాడు. ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మొదటి ఫోన్ తనకే వెళ్తుంది. అమ్మానాన్నల ఆరోగ్యం, నా లోను, చెల్లి ఫీజు, అన్నీ. పోయినేడు వాళ్ళ టీమ్‌లో సగం మందిని తీసేశారు. తన ఉద్యోగం నిలబడింది గానీ పోయినవాళ్ళ పని కూడా తన నెత్తినే పడింది. అప్పట్నుంచి మనిషి వేరే అయిపోయాడు. ఏడవడం, దిగులుగా కూర్చోవడం లాంటివేమీ లేవు, ఉండుంటే మాకూ ముందే అర్థమయ్యేదేమో. అస్తమానం చిరాకు. పిల్లాడి పెన్సిల్ కింద పడినా అరుస్తాడు, తర్వాత వాడికి ఏదో ఒకటి కొనిపెడతాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుందట, మళ్ళీ కన్ను మూతపడదట. తలనొప్పి మాత్రల షీటు ఎప్పుడూ జేబులోనే. ఇదివరకు ఎప్పుడో వారాంతంలో తాగేవాడు, ఇప్పుడు రోజూ. ఆదివారం బ్యాడ్మింటన్ మానేసి చాలా కాలమైంది, అడిగితే మోకాలు నొప్పి అంటాడు.

వదిన చెప్పిన ఇంకో సంగతి. ఆఫీసు నుంచి వచ్చి కింద కారు ఆపి, ఇంజన్ కూడా ఆపేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట అలాగే కూర్చుంటాడట. ఫోన్ చూడడు, పాటలు వినడు. వదిన బాల్కనీలోంచి చూస్తూ ఉంటుందట. పైకొచ్చాక ఇంత ఆలస్యమేంటి అంటే ట్రాఫిక్ అంటాడట.

నేను ధైర్యం చేసి ఒకసారి అడిగాను, ‘అన్నయ్యా, ఇది డిప్రెషనేమో, ఒకసారి సైకియాట్రిస్టుని కలుద్దాం’ అని. ‘నాకేమైనా పిచ్చి పట్టిందనుకున్నావా, నీ పని నువ్వు చూసుకో’ అని కసిరాడు. తర్వాత చాలా రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

వదినేమో ఫుల్ బాడీ చెకప్ అని అబద్ధం చెప్పి తీసుకెళ్దాం అంటోంది. అమ్మేమో దిష్టి, అదే పోతుంది అంటోంది. నాకేం చెయ్యాలో తోచడం లేదు. ఏం మాట్లాడాలి, ఎలా మొదలుపెట్టాలి? తన స్నేహితులకి చెప్పొచ్చా, చెబితే పరువు పోయిందనుకుంటాడా? అదీగాక ఈమధ్య ఒకసారి నవ్వుతూనే ‘నేను లేకపోయినా ఇన్సూరెన్స్ ఉందిలే, మీకేం ఢోకా లేదు’ అన్నాడు. జోకే అనుకోండి. ఇలాంటి పరిస్థితి దాటొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


గళ్ళచొక్కా:

తమ్ముడూ, మీ అన్నయ్య గురించి చదువుతుంటే కొన్నేళ్ళ కిందటి నన్ను చూసినట్టుంది. కాబట్టి అవతలి గట్టు నుంచి చెప్తాను.

నాకప్పుడు ‘డిప్రెషన్’ అని ఎవరన్నా ఒళ్ళు మండేది. ఎందుకంటే నేను రోజూ ఆఫీసుకి వెళ్తున్నా, ఈఎంఐలు కడుతున్నా, పిల్లల్ని స్కూల్లో దించుతున్నా, ఇక నాకు డిప్రెషనేంటి? మంచం మీంచి లేవలేనివాళ్ళకి కదా అది. నన్ను డాక్టర్ దగ్గరికి పంపింది ఛాతీలో నొప్పి. గుండెపోటేమోనని భయపడి పరిగెత్తా. ఈసీజీ బాగానే ఉంది, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. ఆయన మామూలు ఫిజీషియన్, పెద్ద వయసు, రిపోర్టులు పక్కన పెట్టి ‘నిద్ర ఎలా ఉంది?’ అన్నాడు. అంతే అడిగింది. ఎందుకో తెలీదు, ఆ ప్రశ్నకి మాత్రం నాకు సిగ్గనిపించలేదు. నిద్ర గురించి చెప్పడానికి సిగ్గేముంది! ఐదు నిమిషాల్లో చాలా చెప్పేశా.

అప్పుడు ఒక కాగితం చేతికిచ్చాడు. పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని, తొమ్మిదే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, నిద్ర, నీరసం, ఆకలి, పని మీద మనసు నిలవకపోవడం, నావల్ల ఏదీ కాలేదు అనిపించడం, ఇలాంటివి. ఒక్కోదానికి అసలు లేదు అంటే సున్నా, దాదాపు ప్రతిరోజూ అంటే మూడు, మొత్తం 27. పదో, అంతకు మించో వస్తే డాక్టర్లు కాస్త గట్టిగా పట్టించుకుంటారు. నేను పెన్ను పట్టుకుని మొదటి రెండింటికీ తక్కువ వేసి, మళ్ళీ కొట్టేసి ఎక్కువ వేశా. చివరిదైన తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బావుండని అనిపిస్తోందా అన్నది, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయా. నా స్కోరు చూసి ఆయన కంగారు పడలేదు, ‘బీపీ ఎక్కువుంటే మందు వేసుకుంటారుగా, ఇదీ అలాగే చూద్దాం’ అన్నాడు. సైకియాట్రిస్టుకి చీటీ రాసిచ్చింది ఆయనే.

అందుకని నేను చెప్పేది ఒకటే. జబ్బుకి పేరు పెట్టే పని మీరు పెట్టుకోవద్దు. ఆయన ఒప్పుకుంటున్న బాధ ఏదుందో దాన్ని పట్టుకోండి. తలనొప్పి ఉందని ఒప్పుకుంటున్నాడు, నిద్ర పట్టడం లేదని ఒప్పుకుంటున్నాడు. ‘రోజూ మాత్రలు మింగితే కడుపు పాడవుతుంది అన్నయ్యా, నిద్ర సంగతి ఒకసారి డాక్టర్‌కి చెబుదాం’ అంటే అందులో అబద్ధం లేదు, అవమానమూ లేదు. మిగతాది డాక్టర్ అడుగుతాడు.

ఇంకోటి, ఎదురుగా కూర్చోబెట్టి, తలుపేసి, ‘నీతో మాట్లాడాలి’ అని మొదలుపెట్టారా, అయిపోయినట్టే. మగాళ్ళం చాలామందిమి కళ్ళలోకి చూస్తూ ఇలాంటివి మాట్లాడలేం. పక్కపక్కన నడుస్తూనో, బండి నడుపుతూనో, ఏదైనా రిపేరు చేస్తూనో అయితే మాట అదే వస్తుంది. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ‘మెన్స్ షెడ్’ అని నడుస్తున్నాయి, వయసు మీదపడిన మగాళ్ళు ఒకచోట చేరి చెక్కపని అదీ చేసుకుంటారు, చేస్తూ చేస్తూ మనసులోవి కూడా చెప్పుకుంటారు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది. దాని వెనకున్న కిటుకు ఇదే.

అపాయింట్‌మెంట్ కూడా మీరే తీసుకోండి. ‘ఎప్పుడైనా వెళ్దాం’ అంటే సరే అంటాడు, ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. ఫలానా రోజు, ఫలానా టైము, నేనొచ్చి తీసుకెళ్తా అనాలి.


పాతబండి:

ఎవరూ ఏమీ అనుకోకపోతే నా అభిప్రాయం కూడా రాస్తా. ప్రతిదానికీ డిప్రెషన్ అని పేరు పెట్టడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. పని ఎక్కువైతే చిరాకు రాదా? మా నాన్నగారు ముగ్గురు పిల్లల్ని, ఇద్దరు చెల్లెళ్ళని లాక్కొచ్చారు, ఆయనకెప్పుడూ కౌన్సెలింగ్ అవసరం రాలేదు. పొద్దున్నే లేచి ఒక గంట నడిపించండి, తాగుడు మాన్పించండి, సెలవు పెట్టించి ఎక్కడికైనా తిప్పుకురండి, మనిషి దార్లో పడతాడు. సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే మాత్రలు రాస్తారు, వాటికి ఒకసారి అలవాటుపడితే ఇక జీవితాంతం. మాకు తెలిసిన ఒకాయన అలాగే మత్తుగా తయారయ్యాడు. ఆలోచించుకోండి.


తెల్లకోటు:

నేను సైకియాట్రీలో పనిచేస్తున్నాను. ఇక్కడ చదివి ఎవరికీ రోగనిర్ధారణ చేయలేను, ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి. కానీ చిన్నోడుగారూ, మీ పోస్టులో చివర్న ఒక వాక్యంలో తేల్చేసిన ఇన్సూరెన్స్ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత, ముందు దాని సంగతి చూడండి.

అది జోకే కావచ్చు. జోకా కాదా అని తెలుసుకోవడానికి ఒకటే దారి, అడగడం. ‘అడిగితే లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుంది’ అని చాలామంది వెనకాడతారు. అలా జరగదని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. పైగా ఎవరో ఒకరు అడిగినందుకు లోపలి బరువు కాస్త దిగుతుంది. ‘పిచ్చి ఆలోచనలేవీ లేవు కదా?’ అని మాత్రం అడక్కండి, లేవు అని చెప్పమని మీరే నోటికి అందించినట్టు. సూటిగా అడగండి: ‘అన్నయ్యా, ఆరోజు ఇన్సూరెన్స్ గురించి అన్నావు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ అని. అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి, అదే కష్టం. అవునంటే తిట్టొద్దు, పిల్లల మీద ఒట్టు పెట్టించుకోవద్దు, ‘నీకేం తక్కువ’ అనొద్దు. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నాడా అని నెమ్మదిగా అడగండి. అనుకున్నాడంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. మీరున్న దేశంలో సంక్షోభ సహాయవాణి నంబరు ఏదో ఇవాళే వెతికి ఫోన్లో పెట్టుకోండి, వదినగారి ఫోన్లో కూడా. దాచిపెట్టిన మాత్రలూ అవీ ఇంట్లో ఉంటే వదినగారు తీసి తన దగ్గర పెట్టుకోవడం మంచిది. అంతా సిద్ధం చేసుకున్నట్టు కాగితాలూ పాస్‌వర్డులూ అప్పజెప్పడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, చాలాకాలం అల్లాడిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం, ఇవి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకండి.

ఇక మగవాళ్ళ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల్లో ప్రతి లక్షమంది మగవాళ్ళకి 12.6 మంది, ప్రతి లక్షమంది ఆడవాళ్ళకి 5.4 మంది ఆత్మహత్యతో చనిపోయారు. కానీ డిప్రెషన్ చూస్తే ఆడవాళ్ళలోనే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని అదే సంస్థ చెబుతుంది. ఈ తేడాకి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మగవాళ్ళ జబ్బు చాలాసార్లు ఎవరి లెక్కలోకీ రాదన్నది అందులో ఒకటి. స్వీడన్‌లో గాట్లాండ్ అని ఒక దీవి ఉంది. 1980ల మొదట్లో అక్కడి మామూలు డాక్టర్లకి డిప్రెషన్‌ని గుర్తుపట్టడం నేర్పించారు. ఆత్మహత్యలు తగ్గాయి, అయితే తగ్గినవి ఎక్కువగా ఆడవాళ్ళవే. మగవాళ్ళు డాక్టర్ గడపే తొక్కలేదు, తొక్కినవాళ్ళు కూడా కోపం, తాగుడు, ఒళ్ళు నొప్పులు అంటూ వచ్చారే తప్ప దిగులు అనలేదు. ఆ అనుభవంతోనే తర్వాత మగవాళ్ళ కోసం విడిగా ఒక ప్రశ్నావళి తయారుచేశారు, అందులో చిరాకు, అలసట, తాగుడు పెరగడం లాంటివి అడుగుతారు. మీ పోస్టు మళ్ళీ చదవండి, ఆ వరసే ఉంది.

పాతబండిగారూ, మీరన్నవాటిలో నడక మాట నేనూ ఒప్పుకుంటా. తేలికపాటి డిప్రెషన్‌కి వ్యాయామం నిజంగానే పనిచేస్తుంది, మేమూ రాస్తాం. కాకపోతే మంచం దిగడమే కష్టమైన మనిషిని గంట నడవమంటే అదీ చెయ్యలేకపోయానే అన్న బాధ ఇంకోటి తోడవుతుంది. మందుల గురించి మాత్రం మీరు రెండు వేరువేరు రకాల్ని కలిపేశారు. అలవాటు పడేవి కొన్ని నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు. అందుకే వాటిని తక్కువ రోజులకే రాస్తాం. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి ఆ కోవలోవి కావు, వాటికోసం మనిషి ఎగబడడు, డోసు పెంచుకుంటూ పోడు. ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, కంగారు లాంటివి వస్తాయి కాబట్టి ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. గుణం కనపడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో వికారమో తలనొప్పో ఉండొచ్చు, మగవాళ్ళు చాలామంది ఇక్కడే ‘ఇది నాకు పడలేదు’ అని మానేస్తారు. లైంగికంగా ఇబ్బంది వస్తే ఆ మాట డాక్టర్‌కి చెప్పకుండా నోరు మూసుకుని మానేసేవాళ్ళు ఇంకా ఎక్కువ. చెబితే మందు మార్చొచ్చు, డోసు మార్చొచ్చు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటాం, మళ్ళీ తిరగబెట్టకుండా.

తాగుడు మాన్పించండి అన్నారు, ఇది జాగ్రత్త. రోజూ ఎక్కువ మోతాదులో తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ఎంత తాగుతున్నాడో డాక్టర్‌కి చెప్పి ఆపించాలి. తాగితే నిద్ర తొందరగా పడుతుంది గానీ రాత్రి రెండో సగం చెడిపోతుంది, ఆ మూడింటి మెలకువలో దాని వాటా కూడా ఉండి ఉండొచ్చు.

చెకప్ అని అబద్ధమాడి తీసుకెళ్ళొద్దు. లోపలికి వెళ్ళాక బోర్డు చూస్తాడు, మీ మీద నమ్మకం పోతుంది, రెండోసారి రాడు. గళ్ళచొక్కాగారు చెప్పిన దారి బావుంది. థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు మామూలు ఫిజీషియన్ ఎలాగూ చేయిస్తారు, థైరాయిడ్ మందగించినా అచ్చం ఇలాగే ఉండే కేసులు చూస్తుంటాం.


మల్లెతీగ:

అందరూ అన్నయ్యగారి గురించే రాస్తున్నారు. ఆ బాల్కనీలో నిలబడి చూస్తున్నావిడ సంగతేంటి?

మా ఆయనకి మా బాబు పుట్టిన ఏడాదిలో ఇదే వచ్చింది. బాలింతలకి వస్తుందని తెలుసుగానీ తండ్రులకి కూడా వస్తుందని నాకప్పుడు తెలీదు. కొత్తగా తండ్రులైనవాళ్ళలో పదిమందికి ఒకరి దాకా ఉంటారని తర్వాత డాక్టరే చెప్పారు. ఆ రోజుల్లో ఆయన మూడ్ ఎలా ఉందో గేటు చప్పుడు బట్టి కనిపెట్టడం నేర్చుకున్నా. బాబు ఏడిస్తే ఆయన లేవకముందే ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, ఆయన పరువు నేనే కాపాడాలనుకున్నా. మీ వదిన మీకు చెప్పిందంటే అప్పటికే చాలా దూరం ఒంటరిగా నడిచొచ్చిందని అర్థం. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు మీరెళ్ళి పిల్లాణ్ణి చూసుకోండి, ఆవిడని బయటికి పంపండి. ఆయన జబ్బు ఆయన తప్పు కాదు, నిజమే. అలాగని ఆవిడ మీద, పిల్లాడి మీద చెయ్యి చేసుకునేదాకా వస్తే జబ్బు కదా అని సర్దుకుపోనక్కర్లేదు, ఆ క్షణంలో వేరే చోటికి వెళ్ళిపోవాలి. ఈ మాట ఆవిడకి మీరే చెప్పండి, అత్తింటివైపు నుంచి వస్తే ఆవిడకి బలం.

ఇంకో సంగతి కూడా అంటాను, కోపం తెచ్చుకోవద్దు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మొదటి ఫోన్ తనకే అని మీరే రాశారు, అదేదో గొప్పలా రాశారు. ముందు ఆ ఫోన్లు తగ్గించండి. అమ్మగారి మందులు ఇకనుంచి మీరు చూడండి. మీ లోను సంగతి మీరు చూసుకోండి. ‘నీకు బాలేదు కాబట్టి’ అని చెప్పి చెయ్యకండి, ఊరికే చేసెయ్యండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళమని అందరూ చెప్తారుగానీ ఇంట్లో ఒక్కరూ ఆయన బరువులో ఒక్క సంచీ దించరు. మగాళ్ళు నోరు తెరవరు తెరవరు అంటారు, మా ఆయన ఒకసారి తెరిచారు కూడా. ‘ఈ నెల నావల్ల కావట్లేదు’ అని వాళ్ళింట్లో అంటే, ‘నువ్వే అలా అంటే ఎలాగరా’ అన్నారు. అంతే, మళ్ళీ ఏడాది దాకా నోరు విప్పలేదు.

స్నేహితులకి చెప్పడం గురించి: అందరికీ వద్దు, ఒక్కరికి చెప్పండి. ఆ బ్యాడ్మింటన్ జట్టులో ఆయన మాట వినే మనిషి ఒకరుంటారు. జబ్బు పేరేదీ ఎత్తకుండా ‘ఈమధ్య డల్‌గా ఉంటున్నాడు, ఒకసారి నువ్వు పలకరించు’ అంటే చాలు.


గళ్ళచొక్కా:

పాతబండిగారికి ఒక్క మాట. మీ నాన్నగారికి కౌన్సెలింగ్ అవసరం రాలేదో, వచ్చినా అడిగేవాళ్ళు లేరో మనిద్దరికీ తెలీదు. మా నాన్న గురించి కూడా నేను మీలాగే చెప్పుకునేవాణ్ణి. నాకు మందులు మొదలుపెట్టాక ఆయన నా పక్కన కూర్చుని ‘నాకూ నీ వయసులో రెండేళ్ళు ఇలాగే ఉండేదిరా’ అన్నారు. అంతకుమించి ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు.


పాతబండి:

మా నాన్న సంగతి నాకు తెలుసు లెండి. నడక మాట డాక్టర్‌గారే ఒప్పుకున్నారుగా. మందుల్లో రెండు రకాలున్నాయన్నది మాత్రం నాకు కొత్త విషయం.


చిన్నోడు:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. తెల్లకోటుగారి రిప్లై చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ ఇన్సూరెన్స్ మాట నేనే జోకని కొట్టిపారేశాను కదా.

నిన్న అన్నయ్యకి ఏదో సామాను తేవాలంటే నేనూ వస్తానని బండెక్కా. డ్రైవింగ్ తనదే, నేను పక్క సీటు. వెళ్ళేటప్పుడు ఏం మాట్లాడలేకపోయా, గొంతు ఎండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే అడిగేశా, మీరు రాసిన మాటే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. నా వైపు చూడలేదు. ఆకుపచ్చ లైటు పడింది, వెనక హారన్లు కొడుతున్నారు, గేరు మార్చి కొంచెం ముందుకెళ్ళి పక్కకి ఆపాడు. ‘చావాలని కాదురా. పొద్దున్న లేవకుండా అలాగే ఉండిపోతే బావుండని ఉంటుంది’ అన్నాడు. ఎలా అని ఏమైనా అనుకున్నావా అంటే లేదన్నాడు, పిల్లాడు గుర్తొస్తాడన్నాడు. నేను ఏదో ఓదార్పు మాట అనబోయి ఆపుకున్నా. తర్వాత తనే అడిగాడు, ‘మీ వదినకి తెలుసా?’ అని. నువ్వు నిద్రపోవట్లేదని తెలుసు అన్నాను.

డాక్టర్ దగ్గరికి ‘నిద్ర గురించైతే వస్తా’ అన్నాడు. గురువారం సాయంత్రం మా ఫిజీషియన్ దగ్గర టైము తీసుకున్నా. అమ్మ హాస్పిటల్ పనులు ఇకనుంచి నేనే చూస్తానని అమ్మకి చెప్పా, మల్లెతీగగారూ, మీరన్నది గుచ్చుకుంది, నిజమే కాబట్టి. వదినని ఆదివారం వాళ్ళక్క దగ్గరికి పంపాం.

ఇప్పుడు రెండు సందేహాలు. నేను డాక్టర్ రూమ్‌లోకి వెళ్ళాలా, బయటే ఉండాలా? ఇవన్నీ ఆఫీసుకి తెలుస్తాయేమోనని అన్నయ్యకి పెద్ద టెన్షన్, తెలుస్తాయా?


తెల్లకోటు:

మీరు అడిగిన తీరు బావుంది, ఆయన చెప్పడం ఇంకా బావుంది. ‘లేవకపోతే బావుండు’ అన్నదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రణాళిక లేదు కాబట్టి అదే పూట ఎమర్జెన్సీకి పరిగెత్తే పరిస్థితి కాకపోవచ్చు గానీ, ఈ మాట గురువారం డాక్టర్ చెవిన పడి తీరాలి. ఈలోపు ఏమైనా మారితే, కొత్తగా ఏదైనా అంటే, గురువారం దాకా ఆగొద్దు. రాత్రి తాగాక ఆలోచనలు ముదురుతాయి, ఆ టైములో ఎవరో ఒకరు ఇంట్లో మెలకువగా ఉండేలా చూసుకోండి.

లోపలికి వెళ్ళేముందు ఆయన్నే అడగండి, రానా వద్దా అని. రమ్మంటే మొదటి పది నిమిషాలు కూర్చుని, మీరు గమనించినవి చెప్పి బయటికి వచ్చేయండి. తమ్ముడి ముందు చెప్పలేనివి ఉంటాయి. వద్దంటే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఆయన చేతికే ఇవ్వండి, ఆయనకి తెలియకుండా డాక్టర్‌కి పంపొద్దు. నిద్ర ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, రోజుకి ఎన్ని తలనొప్పి మాత్రలు, తాగుడు ఎంత, ఇన్సూరెన్స్ అన్న మాట, నిన్న కారులో అన్న మాట. చాలామంది మగవాళ్ళు డాక్టర్ ముందు కూర్చోగానే ‘అంతా బానే ఉందండీ, కాస్త నిద్రే’ అని సగానికి సగం కోసేస్తారు, అప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. తలనొప్పి మాత్రలు నెలలో సగం రోజులు వేసుకుంటుంటే వాటివల్లే తలనొప్పి రావడం కూడా ఉంటుంది, ఆ షీటు తీసుకెళ్ళండి.

ఇంకొకటి, ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన ఉత్సాహంతో, ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెడుతూ ఉన్నాడా అనేది వదినగారిని అడిగి తెలుసుకోండి. ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, బైపోలార్ (అలాంటి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఎదురుతిరగొచ్చు.

ఆఫీసు గురించి: రోగి చెప్పింది డాక్టర్ బయటపెట్టకూడదు, ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడో, చట్టం అడిగినప్పుడో తప్ప. ఆఫీసు వాళ్ళకి డాక్టర్ ఫోన్ చెయ్యడు. సెలవు కోసం సర్టిఫికెట్ కావాలంటే అందులో ఏం రాయాలో, జబ్బు పేరు లేకుండా రాయడం కుదురుతుందో లేదో ముందే డాక్టర్‌ని అడగొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే ఆ కంపెనీకి వివరాలు వెళ్తాయి, అది మాత్రం ముందే తెలుసుకుని పెట్టండి.

మొదటిసారి వెళ్ళొచ్చాక ‘ఏం ఉపయోగం లేదు’ అంటాడు, అనే అవకాశమే ఎక్కువ. ఆ డాక్టర్‌తో పొసగకపోతే ఇంకో డాక్టర్‌ని చూడొచ్చు, అందులో తప్పేం లేదు. మందులతోపాటు సైకాలజిస్టు దగ్గర సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) లాంటి థెరపీ కుదురుతుందేమో అడగండి. అక్కడ వారానికి ఒకసారి సుమారు గంటసేపు కూర్చుని, ఏ ఆలోచన వచ్చినప్పుడు ఏం చేస్తున్నాడో రాసుకుని, చిన్న చిన్న పనులు హోంవర్క్‌లా చేసుకుంటూ వెళ్తారు. ఊరికే గోడు వెళ్ళబోసుకోవడం ఇష్టంలేని మగవాళ్ళకి ఆ పద్ధతి బాగానే నప్పుతుంది. అన్నిటికంటే ముందు, గురువారం క్లినిక్‌లోంచి బయటికి వచ్చేలోపే తర్వాతి తేదీ రాయించుకోండి, ఇంటికొచ్చాక ఫోన్ చేద్దాం అనుకుంటే ఆగిపోతుంది.